టక్‌మన్నప్పుడు లోపల ఏం జరుగుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు డీఎస్ఎల్ఆర్‌ల గురించే, అంటే లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరాల గురించి. కారణం తెలిసిందే. స్టూడియోల వాళ్లు ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోతూ పాత బాడీలు అమ్మేస్తున్నారు, అవి తక్కువ ధరకి మీ చేతికొస్తున్నాయి, డబ్బాలో మాన్యువల్ ఉండదు, అమ్మినాయన మళ్లీ ఫోనెత్తడు. వరసగా చూద్దాం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి5300 కొన్నాను. బటన్ నొక్కినప్పుడల్లా వ్యూఫైండర్ ఒక్క క్షణం నల్లగా అయిపోతోంది, లోపల ఏదో టక్‌మంటోంది. షట్టర్ పోయిందని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ఏమీ పోలేదు. అలా నల్లబడకపోతేనే అనుమానించాలి. మీరు వ్యూఫైండర్‌లో చూసేది స్క్రీన్ కాదు, లెన్స్‌లోంచి వచ్చిన అసలు వెలుగు. లెన్స్ వెనకాల 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది, అది ఆ వెలుగుని పైకి మళ్లిస్తుంది, అక్కడ గరుకుగా ఉండే ఫోకసింగ్ స్క్రీన్ మీద బొమ్మ పడుతుంది, కానీ ఆ బొమ్మలో కుడిఎడమలు తారుమారై ఉంటాయి కాబట్టి దానిపైన ఉన్న పెంటాప్రిజం సరిచేసి కంటికి పంపుతుంది. కెమెరా నెత్తిన ఆ మూపురం ఉన్నది అందుకే. మీ డి5300 లాంటి చిన్న బాడీల్లో గాజు ప్రిజం ఉండదు, దాని బదులు అద్దాలు అమర్చిన పెంటామిర్రర్ ఉంటుంది. బరువూ ఖరీదూ తగ్గుతాయి, వెలుగూ కాస్త తగ్గుతుంది.

బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, లెన్స్‌లోని అపర్చర్ రెక్కలు మీరు పెట్టిన నంబరు దాకా ముడుచుకుంటాయి, ఫిల్మ్ బదులు బొమ్మని పట్టే సెన్సర్ ముందున్న షట్టర్ మొదటి తెర తెరుచుకుంటుంది, టైమ్ అవగానే రెండో తెర వచ్చి మూసేస్తుంది, అద్దం దిగిపోతుంది. వెలుగంతా సెన్సర్‌కి పోతుంటే కంటికి ఇంకేం మిగులుతుంది? అందుకే ఆ నలుపు. ఆ లెక్కన ఎస్ఎల్ఆర్‌తో తీసేవాళ్లెవరూ తాము తీసిన క్షణాన్ని చూడరు, దాని ముందుదీ తర్వాతదీ చూస్తారు.

ఇదంతా కళ్లారా చూడాలంటే లెన్స్ విప్పక్కర్లేదు. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ 16, షట్టర్ 2 సెకన్లు పెట్టి, లెన్స్‌ని మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చి, ముందు గాజులోంచి లోపలికి చూస్తూ బటన్ నొక్కండి. రెక్కలు చటుక్కున దగ్గరికొచ్చి చిన్న కన్నం మిగలడం కనిపిస్తుంది, 2 సెకన్లయ్యాక మళ్లీ విచ్చుకుంటాయి. ఫొటో తీసే వరకూ లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి, వ్యూఫైండర్‌లో వెనకాల మసగ్గా కనిపించిన కరెంటు స్తంభం ఫొటోలో స్పష్టంగా పెళ్లికొడుకు తలలోంచి మొలుస్తుంది. కొన్ని బాడీల్లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే ఈ సంగతి ముందే తెలుస్తుంది. మీ దాంట్లో లేదు, తీశాక స్క్రీన్ మీద జూమ్ చేసి చూసుకోవడమే. ఇంకోటి, మీ వ్యూఫైండర్ ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది. అంచుల్లో పిలవని వాళ్ల మోచేతులు వస్తున్నాయంటే తప్పు మీది కాదు.

ఆటోఫోకస్ కూడా ఈ అద్దం పుణ్యమే. దాని మధ్యభాగం కొంత వెలుగుని లోపలికి వదులుతుంది, వెనకాల ఇంకో చిన్న అద్దం ఆ వెలుగుని కిందికి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్లకి పంపుతుంది. లైవ్ వ్యూ పెడితే అద్దం లేచిపోయి ఆ సెన్సర్లకి వెలుగు అందదు, అందుకే మీ కెమెరా స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది.

మొదట్లో అద్దం తనంతట తాను దిగేది కూడా కాదు. 35 మి.మీ. ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌లలో తొలితరం కెమెరా అయిన కీనే ఎక్సాక్టాని 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో చేశారు. ఒకసారి క్లిక్ చేస్తే మళ్లీ ఫిల్మ్ తిప్పేదాకా అందులో చీకటే, పైగా మెడ వంచి పైనుంచి చూడాలి. 1949లో కాంటాక్స్ ఎస్ ప్రిజంతో వచ్చింది, 1954లో జపాన్ వాళ్ల అసాహిఫ్లెక్స్ 2బి అద్దాన్ని వెంటనే కిందికి దింపింది, 1959లో నికాన్ ఎఫ్ ఇవన్నీ ఒక్కచోట చేర్చింది. మీ ఫ్రెండ్స్‌ని భయపెడుతున్న టక్ వెనకాల ఇంత కథ ఉంది.

ప్రశ్న: ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొనడం తెలివైన పనేనా? అందరూ పాత టెక్నాలజీ అంటున్నారు.
– గృహిణి, విజయవాడ

జవాబు: పాతదే, అందులో సందేహం లేదు. కానన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ తీసుకురాలేదు, పెంటాక్స్ ఒక్కటే ఆ దారిలో ఉంది. కొత్త కెమెరాకి డబ్బులుంటే, వీడియో కూడా కావాలంటే మిర్రర్‌లెస్ తీసుకోండి. డబ్బు లెక్క చూసుకోవాలి, పిల్లల ఫొటోలూ పండగలూ ఊళ్లూ తీసుకుంటూ నేర్చుకోవాలి అంటే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌ని మించిన బేరం ప్రస్తుతానికి లేదు. బ్యాటరీ సంగతే చూడండి, నికాన్ డి3500కి కంపెనీ చెప్పే లెక్క ఒక చార్జికి 1,550 ఫొటోలు. వ్యూఫైండర్ కరెంటుతో నడవదు కదా.

కొనేటప్పుడు మాత్రం మొహమాటపడకండి. మీ సొంత కార్డు తీసుకెళ్లండి. అపర్చర్ 16 పెట్టి ఆకాశాన్నో తెల్ల గోడనో కాస్త ఫోకస్ తప్పించి తీయండి, చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ముంది, అది తుడిపించుకోవచ్చు, దాని పేరు చెప్పి ధర తగ్గించమనండి. లెన్స్ విప్పించి ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి ఇంకో వైపు నుంచి చూడండి, సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, ఆ లెన్స్ వద్దు. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్‌లు కొట్టారో అడగండి. ఈ తరగతి బాడీల షట్టర్‌ని సుమారు లక్ష క్లిక్‌లకి పరీక్షిస్తారు, లక్ష దాటగానే ఆగిపోతుందని కాదు, ముప్పై వేలు తిరిగినదానికీ తొంభై వేలు తిరిగినదానికీ ఒకే రేటు పెట్టొద్దని. కార్డు పెట్టే చోట పిన్నులు వంగాయేమో, ఫ్లాష్ తగిలించే హాట్ షూ వదులైందేమో కూడా చూడండి. పెళ్లిళ్లు తీసిన కెమెరాల్లో అవే ముందు అరిగేది.

ప్రశ్న: మా కజిన్ పెళ్లిలో కానన్ 1500డితో ఫ్లాష్ వాడి తీశాను. మొహాలు సున్నం కొట్టినట్టు, వెనకంతా చీకటి. తలంబ్రాలు ఆగినట్టు రావాలని షట్టర్ 1/500 పెడదామంటే కెమెరా 1/200 దాటనివ్వలేదు. తక్కువ ధరలో దొరికే వేరే కంపెనీ ఫ్లాష్ తెప్పిస్తే అది అసలు వెలగనే లేదు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: చివరి దాంతో మొదలుపెడతాను, డబ్బులతో పని కాబట్టి. 1500డి, 200డి మార్క్ 2 లాంటి కొన్ని కానన్ బాడీల్లో హాట్ షూ మధ్యలో ఉండాల్సిన కాంటాక్ట్ లేదు, కంపెనీయే తీసేసింది. వేరే కంపెనీల మామూలు ఫ్లాష్‌లు చాలావరకు ఆ మధ్య బిందువు ద్వారానే వెలుగుతాయి. మీ ఫ్లాష్ మంచిదే, కెమెరా మంచిదే, రెంటికీ కుదరదంతే. కొనే ముందు మీ మోడల్ పేరు చెప్పి, షాపులో తగిలించి వెలిగించి చూశాకే డబ్బులివ్వండి.

ఇప్పుడు 1/200 సంగతి. షట్టర్‌కి రెండు తెరలని పైన చెప్పాను. 1/200 వరకూ మొదటిది పూర్తిగా తెరుచుకున్నాకే రెండోది బయల్దేరుతుంది, అంటే సెన్సర్ మొత్తం ఒక్కసారి బయటపడే క్షణం ఒకటుంటుంది, ఫ్లాష్ అప్పుడే వెలుగుతుంది. అంతకంటే వేగంగా అయితే మొదటి తెర చివరికి చేరకముందే రెండోది వెంటపడుతుంది, సెన్సర్ మీద సన్నని సందు మాత్రమే జరుగుతూ పోతుంది, ఆ సమయంలో ఫ్లాష్ వెలిగితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. అది పడకూడదనే కెమెరా మిమ్మల్ని ఆపింది. హై స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్‌తో ఈ హద్దు దాటొచ్చు, బదులుగా ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది. నికాన్ డి3000, డి5000 వరసల్లో ఆ సౌకర్యమే లేదు.

అయినా తలంబ్రాలకి మీకు 1/500 అక్కర్లేదు. కల్యాణ మండపంలో లైట్లు తక్కువగా ఉన్నప్పుడు బియ్యం గింజని గాల్లో ఆపేది షట్టర్ కాదు ఫ్లాష్, దాని మెరుపు సుమారు సెకనులో వెయ్యో వంతు సేపే ఉంటుంది. షట్టర్ 1/160, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 800, అపర్చర్ 5.6 దగ్గర మొదలుపెట్టి, బయట తగిలించే ఫ్లాష్ తల పైకి తిప్పి సీలింగ్ మీద కొట్టండి. ఐఎస్ఓ పెంచితే వెనకాల డెకరేషన్ కూడా కనిపిస్తుంది, మొహాల మీద సున్నం పోతుంది. కానీ ఒకసారి తలెత్తి చూడండి. పైన ఉన్నది తెల్ల సీలింగ్ అయితే సరే, ఎర్ర షామియానా అయితే పెళ్లికూతురు ఎర్రగా, పసుపు గుడ్డ అయితే అందరికీ కామెర్లొచ్చినట్టు పడతారు, ఆ రంగు తర్వాత కంప్యూటర్‌లో తీయడం నరకం. అలాంటి చోట ఫ్లాష్‌ని నేరుగా పెట్టి ముందు వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ తగిలించుకోవడమే నయం. ఇక మాంగల్యధారణ సమయానికి ఫ్లాష్ చార్జ్ అవుతూ కూర్చోకూడదంటే మామూలు సెల్స్ మానేసి రీచార్జబుల్ నికెల్ సెల్స్ వేయండి, నాలుగు లోపల, నాలుగు జేబులో. నన్నడిగితే పెళ్లిళ్లు తీసేవాళ్లు కొత్త బాడీ మీద పెట్టే డబ్బు ముందు ఫ్లాష్ మీద పెట్టాలి.

ప్రశ్న: వ్యూఫైండర్‌లో నల్ల చుక్కలు కనిపిస్తున్నాయి, ఫొటోల్లో లేవు. మెత్తటి బట్టతో అద్దం తుడవొచ్చా?
– ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: వద్దు. మన ఇంటి అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది, దీనికి ముందువైపు ఉంటుంది, బట్ట తగిలితే గీతలే. పైగా మీకు కనిపిస్తున్న దుమ్ము చాలావరకు ఫోకసింగ్ స్క్రీన్ మీదిది, దానివల్ల ఫొటోకి వచ్చే నష్టం ఏమీ లేదు. రబ్బరు బంతిలా ఉండే బ్లోయర్‌తో రెండుసార్లు గాలి కొట్టండి, పోకపోతే వదిలేయండి. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి.

ఇందుకు రివర్స్‌లో చుక్కలు ఫొటోల్లో ఉండి వ్యూఫైండర్‌లో లేవంటే అది సెన్సర్ మీద దుమ్ము. మెనూలో అద్దాన్ని పైకి లేపి ఉంచే క్లీనింగ్ మోడ్ ఉంటుంది, కెమెరాని బోర్లా పట్టుకుని బ్లోయర్ కొట్టండి, మూతి లోపలికి దూర్చకండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి, మధ్యలో పవర్ పోతే అద్దం, షట్టర్ మీ బ్లోయర్ మీదే పడతాయి.

ప్రశ్న: కానన్ కెమెరా కొంటుంటే షాపులో కాంబో కిట్ అంటున్నారు. యూవీ ఫిల్టర్, లెన్స్‌కి ముందు బిగించే వైడ్ కన్వర్టర్, టెలీ కన్వర్టర్, చిన్న ట్రైపాడ్, లెన్స్ పెన్, బ్యాగు. తీసుకోనా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: బ్యాగు ఒక్కటీ విడిగా ఇస్తారేమో అడగండి. ఆ బిగించే కన్వర్టర్లు అంచుల్ని పాకంలా సాగదీస్తాయి. చిన్న ట్రైపాడ్ ఫోన్‌ని మోస్తుంది, కెమెరాని కాదు. యూవీ ఫిల్టర్‌కి ఫిల్మ్ రోజుల్లో పని ఉండేది, డిజిటల్ సెన్సర్ ముందు ఆ కిరణాల్ని ఆపే ఏర్పాటు ముందే ఉంది, చవక ఫిల్టర్ వేస్తే రాత్రిపూట వీధి దీపాలకి ఆకుపచ్చ దయ్యాల్లాంటి మచ్చలు తోడొస్తాయి. సముద్రం ఒడ్డున ఉప్పు గాలికీ హోలీ రంగులకీ అడ్డుగా పనికొస్తుంది, అంతవరకే.

ఆ డబ్బుతో లెన్స్ హుడ్, రెండో బ్యాటరీ, బ్లోయర్, మంచి కంపెనీ కార్డు కొనండి. వీడియో తీస్తే కార్డు మీద వి30 అని ఉండాలి. తర్వాతెప్పుడైనా ఒక్క ఫిల్టర్ కొనాలనిపిస్తే సర్క్యులర్ పోలరైజర్ కొనండి. చెరువు నీళ్ల మీద మెరుపు తగ్గి అడుగున రాళ్లు కనిపించడం, వానకి తడిసిన ఆకులు పచ్చగా రావడం ఏ యాప్‌తోనూ కుదరదు. ఫిల్టర్ సైజు లెన్స్ మీదే, అడ్డగీత గీసిన సున్నా పక్కన ఉంటుంది. 18-55 అని ఉన్నది సైజు కాదు, అది చూసి 55 తెచ్చుకుని బాధపడేవాళ్లు బోలెడంతమంది.

ప్రశ్న: 18-55 లెన్స్ ఉంది. తర్వాత ఏం కొనాలి, 50 ఎఫ్/1.8 లేదా 70-300? మనుషుల ఫొటోలూ ఇష్టమే, పక్షులూ ఇష్టమే. కెమెరా నికాన్ డి3400.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు 50. కెమెరాతో వచ్చే మీ 18-55 కిట్ లెన్స్ 55 దగ్గర 5.6 కంటే తెరుచుకోదు, ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది, అంటే తొమ్మిది రెట్లకి పైగా వెలుగు. తగిలించగానే వ్యూఫైండరే తెల్లారినట్టు వెలుగుతుంది. మీ సెన్సర్ చిన్నది కాబట్టి 50 దాదాపు 75లా పనిచేస్తుంది, ఒక్కరిని నడుము పైకి తీయడానికి చక్కగా సరిపోతుంది, ఇంట్లో పదిమంది గ్రూపుకి మాత్రం గోడకి ఆనుకున్నా చాలదు.

నికాన్‌లో ఒక చిక్కుంది. 50 ఎఫ్/1.8లో డి అనే పాతదీ జి అనే కొత్తదీ రెండున్నాయి. పాత దాంట్లో మోటార్ ఉండదు, మీ బాడీలోనూ ఉండదు, రెండూ కలిస్తే ఆటోఫోకస్ సున్నా. ధర తక్కువని డి కొనకండి, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న జి తీసుకోండి.

పక్షుల సరదా మొదలైతే మీకు పక్కనే ఉప్పలపాడు ఉంది. చెరువు గట్టు మీంచి పెలికాన్లకి, ఎర్రకాళ్ల కొంగలకి 70-300 సరిపోతుంది, ఎగిరేటప్పుడు షట్టర్ 1/1000కి తగ్గకుండా చూసుకోండి. 70-300లో ఏఎఫ్-పి అని రాసి ఉన్న రకం మీ డి3400కి పడుతుంది, డి90, డి3100 లాంటి పాత బాడీల మీద ఫోకసే కాదు, అందుకని పాత కెమెరా ఉన్న ఫ్రెండ్‌కి అరువివ్వడానికి పనికిరాదు. ఇంకో మాట, ఆ లెన్స్‌తో సూర్యుణ్ని వ్యూఫైండర్‌లో చూడొద్దు, గ్రహణం అయినా సరే. అది వట్టి గాజూ అద్దమే, మధ్యలో ఆపేది ఏమీ లేదు, కన్ను పోతుంది. లెన్స్ ముందు పెట్టే సోలార్ ఫిల్టర్ ఉంటేనే, ఎక్స్‌రే ఫిల్మ్‌లు కాదు.

ప్రశ్న: దుర్గం చెరువు బ్రిడ్జిని రాత్రిపూట ట్రైపాడ్ మీద పెట్టి తీసినా లైట్లు వణికినట్టు వస్తున్నాయి.
– బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ముగ్గురి మీద అనుమానం. మొదటిది మీ వేలు, దానికి 2 సెకన్ల టైమరో రిమోటో చాలు. రెండోది లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్, ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు దాన్ని ఆపేయండి. మూడోది అద్దం. అది లేచి కొట్టుకున్నప్పుడు కెమెరా సన్నగా అదురుతుంది, 1/15 నుంచి 1 సెకను మధ్యలో తీసే ఫొటోల్లో అది బయటపడుతుంది. మెనూలో మిర్రర్ లాకప్ ఉంటే పెట్టుకోండి, అద్దం ముందే లేచి అదురు తగ్గాక షట్టర్ తెరుచుకుంటుంది. లేకపోతే ఐఎస్ఓ 100కి దించి అపర్చర్ 11 పెట్టి 10 సెకన్లు తీయండి, అంత సేపట్లో మొదటి అర సెకను వణుకు లెక్కలోకి రాదు. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగకండి, గాలుంటే దానికి బ్యాగు వేలాడదీయండి.

కంటి దగ్గర నుంచి వెలుగు లోపలికి దూరి, వెలుగు కొలిచే మీటర్‌ని తప్పుదారి పట్టిస్తుందన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. వెనకాల వీధి దీపం ఉండి, మీరు కన్ను పక్కకి తీసి రిమోట్‌తో తీస్తే ఫొటో చీకటిగా వస్తుంది. కానన్ పట్టీకి నలుచదరం రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది చూడండి, అది వ్యూఫైండర్ మీద మూయడానికే ఇచ్చారు.

ప్రశ్న: లెన్స్‌లో ఫంగస్ వచ్చింది. బీరువాలో జాగ్రత్తగానే పెట్టాను.
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బీరువాలో పెట్టడం వల్లే వచ్చింది. చీకటి, కదలని గాలి, విశాఖ తేమ, ఫంగస్‌కి ఇంకేం కావాలి? సర్వీసులో విప్పి తుడుస్తారు, పూత తిననంతవరకూ పోతుంది, తినేసి ఉంటే మచ్చ మిగులుతుంది, కొత్త లెన్స్ ధరతో పోల్చుకుని నిర్ణయించుకోండి. మిగతా లెన్స్‌లని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, లోపల చిన్న తేమ మీటర్ వేయండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం మూట వద్దు, పిండి దూరుతుంది. కలరా ఉండలూ వద్దు.

ప్రశ్న: ఊరెళ్లినప్పుడు నాన్నగారి పెంటాక్స్ కే1000 దొరికింది, ఇక్కడికి తెచ్చుకున్నాను. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. పనిచేస్తుందంటారా?
– పాఠకురాలు, డాలస్

జవాబు: పనిచేసే అవకాశాలే ఎక్కువ. 1976లో వచ్చిన మోడల్, షట్టరూ అద్దమూ అన్నీ స్ప్రింగులతోనే నడుస్తాయి, బ్యాటరీ ఒక్క లైట్ మీటర్‌కే. వెనక తలుపు తెరిచి ఫిల్మ్ లేకుండానే 1 సెకను నుంచి 1/1000 దాకా అన్ని స్పీడ్‌లూ కొట్టి చూడండి, నెమ్మది స్పీడ్‌లు ఈడుస్తుంటే సర్వీసింగ్ కావాలి. అద్దం పైకి లేచి తగిలే చోట నల్ల స్పాంజి పట్టీ ఉంటుంది, ఇన్నేళ్లకి అది జిగురుగా మారి ఉంటుంది, అద్దం దానికి అతుక్కుంటుంది, దాన్ని మార్పించండి, పెద్ద పని కాదు. తలుపు అంచుల్లోనూ అదే స్పాంజి, అది పోతే ఫిల్మ్ మీద వెలుగు చారలు పడతాయి. లెన్స్ ఇప్పటి పెంటాక్స్ డిజిటల్ బాడీలకి నేరుగా పడుతుంది, మిర్రర్‌లెస్‌కయితే అడాప్టర్ కొనాలి, ఫోకస్ చేత్తో చేసుకోవాలి. మీటర్‌కి ఎల్ఆర్44 బటన్ సెల్ అడుగున వేయండి. దానికి ఆన్-ఆఫ్ స్విచ్ లేదు, లెన్స్‌కి వెలుగు తగిలినంతసేపూ సెల్ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాడనప్పుడు మూత పెట్టేయండి.